అమెరికాలో ఆడియాలజీ డాక్టరేట్ చదువుకు డబ్బు సమకూర్చుకోవడం ఎలా? విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి, శరీర సమతౌల్య సమస్యలను చూసే నిపుణులుగా స్థిరపడాలంటే ఇప్పుడు డాక్టరేట్ స్థాయి చదువు కావాలి. దాదాపు అందరూ ఎంచుకునే దారి ఏయూడీ, అంటే డాక్టర్ ఆఫ్ ఆడియాలజీ. బ్యాచిలర్స్ డిగ్రీ తరువాత సాధారణంగా నాలుగేళ్లు పడుతుంది. చదువు వైద్య కళాశాల చదువంత పొడవు, జీతం మాత్రం వైద్యుల జీతం కాదు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2023 మేలో ఆడియాలజిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 87,740 డాలర్లు. అందువల్ల ఈ చదువుకు ఎంత అప్పు చేయవచ్చన్న ప్రశ్నను సీటు వచ్చాక కాక, దరఖాస్తు చేసే ముందే వేసుకోవాలి. 2026 జూలై నుంచి ఫెడరల్ రుణాల నియమాలు మారడంతో ఆ అవసరం ఇంకా పెరిగింది. "మిగతాది లోన్ చూసుకుంటుంది" అని సీనియర్లు నిన్నమొన్నటి వరకు ఇచ్చిన సలహా కొత్తగా చేరేవారికి పనికిరాదు.

ముందుగా: మీరు ఏ హోదాలో ఉన్నారు?

ఏ డబ్బుకు మీరు అర్హులో మీ మార్కుల కంటే ముందు మీ ఇమ్మిగ్రేషన్ హోదా నిర్ణయిస్తుంది. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, శరణార్థి హోదా పొందినవారు మొదలైనవారికి ఫెడరల్ సహాయం అందుతుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై వచ్చినవారికి అది అందదు. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా కారణంగా హెచ్-4 మీద పెరిగిన పిల్లలు ఇక్కడే పదేళ్లు బడికి వెళ్లినా సరే ఫెడరల్ రుణానికి అర్హులు కారు. మన కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతి ఆఖరి నిమిషంలోనే తెలుస్తుంది. అయితే కొన్ని రాష్ట్రాలు హెచ్-4 విద్యార్థులను స్థానికులుగానే లెక్కించి తక్కువ ట్యూషన్ వసూలు చేస్తాయి కనుక విశ్వవిద్యాలయపు రెసిడెన్సీ కార్యాలయాన్ని తప్పక అడగాలి. ఎఫ్-1 విద్యార్థులకు పనికొచ్చే దారులను చివర్లో విడిగా చెప్పాను. వారు రెండో అడుగును, ఫెడరల్ రుణాల భాగాన్ని వదిలేసి చదువుకోవచ్చు.

మొదటి అడుగు: విశ్వవిద్యాలయం ఎంపికే అన్నిటికన్నా పెద్ద స్కాలర్‌షిప్

జాతీయ స్థాయి స్కాలర్‌షిప్పుల కోసం వెతికే శ్రమలో సగమైనా విశ్వవిద్యాలయాల ఖర్చును పోల్చడానికి పెడితే ఎక్కువ డబ్బు మిగులుతుందన్నది నా అభిప్రాయం. ముందు ఆ కోర్సుకు సీఏఏ గాని ఏసీఏఈ గాని, ఈ రెండు గుర్తింపు సంస్థల్లో ఒకదాని గుర్తింపు ఉందో లేదో చూడండి. లైసెన్సుకే కాక, అనేక స్కాలర్‌షిప్పులకు కూడా అది షరతు.

తరువాత లెక్క. ఒక విద్యార్థినికి రెండు ఆఫర్లు వచ్చాయనుకుందాం. మొదటిది ప్రైవేటు విశ్వవిద్యాలయం: ఏడాదికి ట్యూషన్ 38,000 డాలర్లు, జీవన వ్యయం 24,000, స్కాలర్‌షిప్ 12,000. రెండోది సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం: ట్యూషన్ 19,000, జీవన వ్యయం 20,000, స్కాలర్‌షిప్ 3,000. ఇంట్లో అందరూ 12,000 ఇచ్చిన చోటికే వెళ్లమంటారు. కానీ మొదటి చోట చేతినుంచి పడేది ఏడాదికి 50,000, రెండో చోట 36,000. నాలుగేళ్లలో తేడా 56,000 డాలర్లు. స్కాలర్‌షిప్ పెద్దదైన చోటే అప్పు కూడా పెద్దదైంది.

ఆఫర్ లేఖ చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. "మొత్తం సహాయం: 32,500 డాలర్లు" అని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద విడివిడిగా చూస్తే 12,000 స్కాలర్‌షిప్, 20,500 ఫెడరల్ అన్‌సబ్సిడైజ్డ్ లోన్ (చదువుతున్న కాలంలోనూ వడ్డీ పడే రుణం). ఆ రెండోది ఎవరూ ఇస్తున్నది కాదు, మీరు వడ్డీతో తిరిగి కట్టవలసింది. పెన్ను తీసుకుని రుణాల వరుసలన్నీ కొట్టివేసి, మిగిలిన అంకెను మాత్రమే సహాయంగా లెక్కించండి. స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా లేక ప్రతి ఏటా కొనసాగుతుందా, కొనసాగడానికి ఎంత జీపీఏ ఉండాలి అన్నవి లేఖలో లేకపోతే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

సొంత రాష్ట్రంలో ఏయూడీ కోర్సు లేనివారు ప్రాంతీయ ఒప్పందాలను చూడాలి. పశ్చిమ రాష్ట్రాల్లో వెస్టర్న్ రీజనల్ గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ ఉంది. అందులో చేరిన కోర్సుల్లో పొరుగు రాష్ట్రాల విద్యార్థి ట్యూషన్ స్థానిక ట్యూషన్‌కు ఒకటిన్నర రెట్లు మించదు. దక్షిణాది రాష్ట్రాల్లో అకడమిక్ కామన్ మార్కెట్ ఉంది. సొంత రాష్ట్రంలో దొరకని కోర్సును పొరుగు రాష్ట్రంలో స్థానిక ట్యూషన్‌కే చదివే వీలు దీనివల్ల కలుగుతుంది. ఈ రెంటికీ కోర్సు ఆ జాబితాలో ఉండాలి, మీరు ముందుగానే అడిగి అర్హత ఖాయం చేసుకోవాలి. చేరిన తరువాత గుర్తొస్తే ఉపయోగం లేదు.

మూడేళ్లలో పూర్తయ్యే ఏయూడీ కోర్సులు కూడా కొన్ని ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కోలోని యూనివర్సిటీ ఆఫ్ ద పసిఫిక్ కోర్సు అటువంటిది. ఒక ఏడాది ముందుగా జీతం అందుకోవడం నిజమైన లాభమే. కానీ ఏడాదికయ్యే ఖర్చు ఎక్కువగా ఉంటే ఏటా వచ్చే ఫెడరల్ రుణ పరిమితి చాలదు కనుక మొత్తం ఖర్చుతో పాటు ఏటేటా పడే లోటునూ లెక్క వేయాలి.

రెండో అడుగు: ఫాఫ్సా

ఫెడరల్ సహాయానికి దరఖాస్తు ఫాఫ్సా. సాధారణంగా ప్రతి ఏటా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. విద్యాశాఖ వారి స్టూడెంట్ ఎయిడ్ వెబ్‌సైటులో ఖాతా తెరిచి, మీరు దరఖాస్తు పెట్టిన విశ్వవిద్యాలయాలన్నిటినీ అందులో చేర్చండి, సీటు ఇంకా రాకపోయినా సరే. ఆదాయ వివరాలు రెండేళ్ల వెనకటి పన్ను రిటర్ను నుంచి తీసుకుంటారు. 2026–27 ఫారానికి 2024 రిటర్ను అన్నమాట. ఆ వివరాలను పన్నుల శాఖ నుంచి తెప్పించుకోవడానికి మీరు సమ్మతి తెలపకపోతే ఫెడరల్ సహాయానికి అర్హత ఉండదు.

గ్రాడ్యుయేట్ (బ్యాచిలర్స్ తరువాతి చదువు) విద్యార్థులను ఫాఫ్సా స్వతంత్రులుగా లెక్కిస్తుంది కనుక తల్లిదండ్రుల ఆదాయం చెప్పనక్కరలేదు. అయితే ఏ స్థాయి చదువు అన్న ప్రశ్న దగ్గర పొరపాటున అండర్‌గ్రాడ్యుయేట్ అని నొక్కితే ఈ లెక్కంతా తారుమారవుతుంది. తిరిగి కట్టనక్కరలేని ఫెడరల్ సహాయమైన పెల్ గ్రాంటు గ్రాడ్యుయేట్ స్థాయిలో ఉండదు. వర్క్-స్టడీ, అంటే చదువుతూ చేసే పార్ట్‌టైమ్ పనికి ఫెడరల్ నిధులతో జీతం, ఉండవచ్చు. ఫెడరల్ గడువు చాలా దూరంగా ఉన్నా విశ్వవిద్యాలయాల ప్రాధాన్య గడువులు చాలా ముందే ముగుస్తాయి. రుణం అక్కరలేదనుకునేవారు కూడా ఫాఫ్సా నింపడం మంచిది, ఎందుకంటే విశ్వవిద్యాలయం తన సొంత నిధులను పంచేటప్పుడు అనేక చోట్ల దాన్నే చూస్తుంది.

మూడో అడుగు: డిపార్ట్‌మెంటు గుమ్మం దగ్గరే అడగడం

తిరిగి కట్టనక్కరలేని డబ్బులో ఎక్కువ భాగం డిపార్ట్‌మెంటులోనే ఉంటుంది. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ దొరికితే కొంత స్టైపెండ్, దానితో పాటు పూర్తి లేదా పాక్షిక ట్యూషన్ మినహాయింపు రావచ్చు. పని ల్యాబులో కావచ్చు, క్లినిక్ పరికరాల కాలిబ్రేషన్ పనుల్లో కావచ్చు, బ్యాచిలర్స్ విద్యార్థుల తరగతుల్లో సహాయం కావచ్చు. ఏయూడీలో క్లినిక్ గంటలు ఎక్కువ కనుక డిపార్ట్‌మెంటులో చోటు దొరకకపోతే విశ్వవిద్యాలయంలోని ఇతర విభాగాలను, అంటే వైకల్య సేవల కార్యాలయాన్ని, గ్రంథాలయాన్ని, విద్యార్థి వసతి విభాగాన్ని కూడా అడగండి. ట్యూషన్ మినహాయింపు ఏ విభాగం ఇచ్చినా ఒకటే.

ఆఫర్ వచ్చాక ప్రోగ్రాం డైరెక్టరుకు మర్యాదగా ఒక లేఖ రాయడానికి మొహమాటపడనక్కరలేదు. ఇది బేరం కాదు. "మీ కోర్సు నాకు మొదటి ఎంపిక. మరో గుర్తింపు పొందిన కోర్సు నుంచి ఇంత సహాయంతో ఆఫర్ వచ్చింది, లేఖ జతచేశాను. అసిస్టెంట్‌షిప్ గాని అదనపు నిధులు గాని పరిశీలించే వీలుందా?" అని నాలుగు వాక్యాల్లో అడిగితే చాలు. సీటు వచ్చినవారిలో కొందరు వేరే చోటికి వెళ్లిపోగానే వారికి కేటాయించిన నిధులు ఖాళీ అవుతాయి. అప్పుడు గుర్తుకొచ్చేది అడిగినవారి పేరే.

నాలుగో అడుగు: శిక్షణ గ్రాంట్లు, వాటి వెనక షరతులు

స్కాలర్‌షిప్ జాబితాల్లో కనబడని పెద్ద మొత్తాలు ఇక్కడ ఉంటాయి. ఫెడరల్ విద్యాశాఖలోని ప్రత్యేక విద్యా కార్యక్రమాల కార్యాలయం, వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేసే నిపుణులను తయారుచేయడానికి విశ్వవిద్యాలయాలకు గ్రాంట్లు ఇస్తుంది. ఆ గ్రాంటు ఉన్న ఏయూడీ కోర్సులో ఎంపికైతే ట్యూషన్, స్టైపెండ్ వంటివి అందుతాయి. బదులుగా సహాయం పొందిన ప్రతి విద్యాసంవత్సరానికి రెండేళ్ల చొప్పున వైకల్యం ఉన్న పిల్లలకు సేవ చేయాలి. చేయకపోతే ఆ సొమ్ము తిరిగి కట్టాలి. పిల్లల ఆడియాలజీ మీద మనసున్నవారికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. కాక్లియర్ ఇంప్లాంటు (చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) లేదా వెస్టిబ్యులర్ (సమతౌల్య సమస్యల) క్లినిక్‌లో పెద్దలతో పనిచేయాలనుకునేవారికి మాత్రం ఇది కాలికి కట్టిన తాడు అవుతుంది. సంతకం పెట్టేముందు గ్రాంటు ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉందో, మధ్యలో నిధులు ఆగితే మీ పరిస్థితి ఏమిటో అడగండి.

లెండ్ అనే మరో శిక్షణ ఉంది. నాడీ అభివృద్ధి లోపాలున్న పిల్లల కోసం పలు వృత్తుల విద్యార్థులను కలిపి నేర్పే ఈ కార్యక్రమానికి ఫెడరల్ ఆరోగ్య వనరుల సంస్థ హెచ్‌ఆర్‌ఎస్‌ఏ నిధులిస్తుంది. దీర్ఘకాలిక ట్రైనీలు కనీసం 300 గంటలు పూర్తిచేయాలి, చాలాచోట్ల స్టైపెండ్ ఉంటుంది. కొన్ని లెండ్ కేంద్రాలకు పిల్లల ఆడియాలజీ కోసమే అదనపు నిధులున్నాయి.

పరిశోధన మీద ఆసక్తి ఉంటే వేసవికి టీ35 శిక్షణ చూడండి. జాతీయ ఆరోగ్య సంస్థల్లో భాగమై, చెవుడు, సంభాషణ లోపాల పరిశోధన చూసే ఎన్‌ఐడీసీడీ నిధులతో ఏయూడీ విద్యార్థులు ఒక వేసవి పాటు పరిశోధక బృందంలో పనిచేస్తూ స్టైపెండ్ పొందుతారు. ఒమాహాలోని బాయ్స్ టౌన్ ఆసుపత్రి, నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ వంటి చోట్ల ఇవి నడిచాయి. దీనికి పౌరసత్వం గాని గ్రీన్‌కార్డు గాని అవసరం.

ఐదో అడుగు: జాతీయ స్కాలర్‌షిప్పులు, దరఖాస్తు వ్యాసం

అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. వాటిలో అంతర్జాతీయ విద్యార్థులకు, మైనారిటీ వర్గాలవారికి, వైకల్యం ఉన్నవారికి ఉద్దేశించినవి కూడా ఉన్నాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆడియాలజీ ఫౌండేషన్‌కూ విద్యార్థి స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. స్టూడెంట్ అకాడమీ ఆఫ్ ఆడియాలజీలో సభ్యత్వం తీసుకుంటే వీటి ప్రకటనలు సకాలంలో చేతికందుతాయి. మీ రాష్ట్రపు ఆడియాలజీ సంఘాన్ని మరవకండి. అక్కడ సొమ్ము చిన్నదే, కాని పోటీదారులూ తక్కువే. స్వయంగా వినికిడి లోపం ఉన్న విద్యార్థులైతే వైకల్యం ఉన్నవారికి ఉద్యోగానికి సాయపడే రాష్ట్ర వొకేషనల్ రీహాబిలిటేషన్ శాఖను, వినికిడి లోపం ఉన్నవారి కోసం పనిచేసే ఏజీ బెల్ సంస్థను సంప్రదించాలి. మొదటిదాని నుంచి ట్యూషన్‌కు, హియరింగ్ ఎయిడ్‌కు కూడా సహాయం దొరికే వీలుంది.

ఇక వ్యాసం. "వినికిడి లోపం ఉన్నవారికి సేవ చేయాలన్నది నా చిన్ననాటి కల" అని మొదలయ్యే దరఖాస్తులు పరిశీలకుల బల్ల మీద దొంతరలుగా ఉంటాయి. దాని బదులు ఇలా రాసిన విద్యార్థిని ఊహించండి: "కొత్త హియరింగ్ ఎయిడ్ తీసుకున్న ఒక పెద్దాయన మూడోవారం దాన్ని డబ్బాలోనే పెట్టుకుని క్లినిక్‌కు తిరిగి వచ్చారు. నమిలేటప్పుడల్లా ఈల వేస్తోందని, మనవరాలు నవ్వుతోందని చెప్పారు. ఇయర్‌మోల్డ్ దవడ దగ్గర వదులుగా ఉందని మా సూపర్‌వైజరు కనిపెట్టి కొత్త అచ్చు తీయించారు. ఆడియోగ్రాం ఎంత సరిగ్గా ఉన్నా డబ్బాలో ఉన్న పరికరం వినిపించదని ఆ రోజు నాకర్థమైంది." ఇందులో కల గురించి ఒక్క మాటా లేదు, అయినా వృత్తి ఏమిటో ఈ మనిషికి తెలుసని చదివినవారికి నమ్మకం కుదురుతుంది. రోగి పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు మాత్రం ఎప్పుడూ రాయకూడదు.

సిఫారసు లేఖలు అడిగేటప్పుడు కనీసం నాలుగు వారాల వ్యవధి ఇచ్చి, మీ రెజ్యూమే, వ్యాసం చిత్తుప్రతి, గడువు తేదీ ఒకే ఈమెయిల్‌లో పంపండి. ఒకసారి బాగా రాసిన వ్యాసాన్ని కొద్ది మార్పులతో ఐదారు చోట్ల వాడుకోవడం తప్పేమీ కాదు, అందులో పాత ఫౌండేషన్ పేరు మిగిలిపోకుండా చూసుకుంటే చాలు.

బయటి స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు చెప్పి తీరాలి. మొత్తం సహాయం విశ్వవిద్యాలయం నిర్ణయించిన వార్షిక వ్యయాన్ని దాటకూడదు. దాటితే వారు దేనినో తగ్గిస్తారు. ముందు రుణాన్ని తగ్గించి, తమ స్కాలర్‌షిప్ జోలికి రావద్దని మీరే రాతపూర్వకంగా అడగండి.

ఆరో అడుగు: ఫెడరల్ రుణం, కొత్త పరిమితులు

2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా రుణం తీసుకునే గ్రాడ్యుయేట్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ రుణం లేదు. ఇదివరకు మొత్తం ఖర్చు దాకా అప్పు ఇచ్చినది ఆ రుణమే. ఇకపై గ్రాడ్యుయేట్ విద్యార్థులకు అన్‌సబ్సిడైజ్డ్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తంగా 1,00,000. ప్రొఫెషనల్ కోర్సులకైతే ఏడాదికి 50,000, మొత్తంగా 2,00,000. పేరులో డాక్టర్ ఉన్నంత మాత్రాన ఆ పెద్ద పరిమితి వర్తించదు. 2025 నవంబరులో విద్యాశాఖ నియమాల కమిటీ అంగీకరించిన నిర్వచనంలో వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి ఉన్నాయి గాని ఆడియాలజీ లేదు. కాబట్టి బడ్జెట్‌ను 20,500 మీదే వేసుకుని, మీ కోర్సుకు ఏ పరిమితి వర్తిస్తుందో ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. స్పీచ్ పాథాలజీలో మాస్టర్స్ చేసి ఆడియాలజీకి మారుతున్నవారు పాత గ్రాడ్యుయేట్ రుణం కూడా మొత్తం పరిమితిలోకి వస్తుందని గుర్తుంచుకోవాలి.

2026 జూలై 1కి ముందే కోర్సులో ఉండి, దానికోసం ఫెడరల్ రుణం తీసుకున్నవారికి పాత నియమాలు మూడు విద్యాసంవత్సరాల పాటు లేదా మిగిలిన కోర్సు కాలం వరకు, ఏది తక్కువైతే అంతవరకు కొనసాగుతాయి. వీరు విశ్వవిద్యాలయం మారాలనుకుంటే ముందు ఈ వెసులుబాటు సంగతి తేల్చుకోవాలి.

వడ్డీ లెక్క ఒకటి చూద్దాం. 2025–26లో ఈ రుణం వడ్డీ 7.94 శాతం, ముందే కోసుకునే ఫీజు 1.057 శాతం. 20,500 తీసుకుంటే చేతికొచ్చేది సుమారు 20,283. ఒక్క ఏడాది వడ్డీ సుమారు 1,628 డాలర్లు. ఇదే రేటు నాలుగేళ్లూ ఉందనుకుని ప్రతి ఏటా పూర్తి మొత్తం తీసుకుంటే, పట్టా నాటికి అసలు 82,000, దాని పక్కన దాదాపు 16,000 వడ్డీ నిలబడుతుంది. చదువుతున్నప్పుడు వడ్డీ కట్టనక్కరలేదు, కానీ అసిస్టెంట్‌షిప్ స్టైపెండ్‌లో నెలకు కొంత దీనికి పంపగలిగితే తరువాత ఊపిరాడుతుంది. అవసరమైనంతే తీసుకోండి. ఆఫర్ చేసిన మొత్తాన్ని తగ్గించి అంగీకరించే వీలుంది.

విశ్వవిద్యాలయం లెక్కించిన వార్షిక వ్యయంలో మొదటి లైసెన్సు, సర్టిఫికేషన్ ఖర్చులు కూడా చేర్చవచ్చు. పిల్లల సంరక్షణ వంటి నిజమైన ఖర్చులుంటే రసీదులతో పునఃపరిశీలన కోరవచ్చు. అప్పటికీ లోటుంటే ప్రైవేటు రుణం మిగులుతుంది. దానికి క్రెడిట్ చరిత్ర ఉన్న కో-సైనర్ కావాల్సిరావచ్చు, ఫెడరల్ మాఫీ పథకాలు దానికి వర్తించవు. ఆ రుణానికి సంతకం పెట్టే మామయ్యో పిన్నిగారో, మీరు కట్టకపోతే తామే కట్టాలని తెలిసి సంతకం పెడుతున్నారా అన్నది ముందే విడమరచి మాట్లాడుకోవాలి.

ఏడో అడుగు: నాలుగో ఏడు ఎక్స్‌టర్న్‌షిప్

బడ్జెట్లు తలకిందులయ్యేది ఇక్కడే. చివరి ఏడాది పూర్తికాలం క్లినిక్‌లో పనిచేస్తారు, ట్యూషన్ మాత్రం విశ్వవిద్యాలయానికి కడుతూనే ఉంటారు. కొన్ని చోట్ల స్టైపెండ్ ఉంటుంది, కొన్ని చోట్ల పైసా ఉండదు, వేరే రాష్ట్రానికి ఇల్లు మారే ఖర్చు అదనం. సీటు ఒప్పుకునే ముందే నాలుగో ఏడు ట్యూషన్ ఎంత, ఎన్ని క్రెడిట్లు నమోదవుతాయి, గత బ్యాచ్‌లో ఎందరికి స్టైపెండ్ వచ్చింది అని అడగండి. క్రెడిట్ల ప్రశ్న చిన్నది కాదు, ఎందుకంటే ఫెడరల్ రుణానికి కనీసం సగం కాలపు నమోదు కావాలి, కొత్త నియమాల్లో పూర్తికాలం కన్నా తక్కువ నమోదుకు వార్షిక పరిమితి కూడా ఆ మేరకు తగ్గుతుంది.

మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఆసుపత్రులు చాలామంది ఏయూడీ విద్యార్థులకు శిక్షణ ఇస్తాయి. స్టైపెండ్ ఉన్న చోట్లకు పోటీ తీవ్రం, పౌరులకు ప్రాధాన్యం. మూడో ఏడు మొదలయ్యేసరికే దరఖాస్తులు సిద్ధంగా ఉండాలి.

ఎఫ్-1 విద్యార్థులకు

మీకు అసలైన దారి అసిస్టెంట్‌షిప్. చదువు సాగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పనిచేయవచ్చు. క్యాంపస్ బయట క్లినిక్‌లో శిక్షణకు ముందుగా సీపీటీ అనుమతి (కోర్సులో భాగమైన పనికి ఎఫ్-1 విద్యార్థులకిచ్చే అనుమతి) ఉండాలి, అది రాకముందు ఒక్క రోజు కూడా మొదలుపెట్టకండి. పైన చెప్పిన ఫౌండేషన్ స్కాలర్‌షిప్పుతో పాటు, మహిళలైతే ఏఏయూడబ్ల్యూ అనే మహిళా సంస్థ అంతర్జాతీయ ఫెలోషిప్‌ను, పీఈఓ అనే మరో మహిళా సంస్థ ఇంటర్నేషనల్ పీస్ స్కాలర్‌షిప్‌ను చూడండి. భారతీయ విద్యార్థులకు 1892లో మొదలైన జే.ఎన్. టాటా ఎండోమెంట్ రుణ స్కాలర్‌షిప్ ఇస్తుంది. పేరులో స్కాలర్‌షిప్ ఉన్నా అది తిరిగి కట్టవలసిన సొమ్మే.

పన్ను, ఆపైన రుణం తీర్చడం

ట్యూషన్‌కు, తప్పనిసరి పుస్తకాలకు వాడిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. అద్దెకు, తిండికి వాడిన భాగం మీద ఉంటుంది. కాబట్టి రసీదులు దాచండి. సొంతంగా ట్యూషన్ కట్టినవారు ఆదాయ పరిమితికి లోబడి లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద ఏడాదికి 2,000 డాలర్ల వరకు పన్ను తగ్గించుకోవచ్చు.

వైద్య సిబ్బంది కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేసేవారికి అందే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ రుణ సహాయంలో ఆడియాలజీ లేదు. దాని మీద ఆశ పెట్టుకోకండి. అమెరికా ఆదివాసులకు వైద్యం అందించే ఇండియన్ హెల్త్ సర్వీస్ రుణ చెల్లింపు పథకంలో ఆడియాలజిస్టులు ఉన్నారు, దానికి రెండేళ్ల సేవ ఒప్పుకోవాలి. మాజీ సైనికుల శాఖ కొన్ని ఉద్యోగాలకు ఐదేళ్లలో 2,00,000 డాలర్ల వరకు రుణ చెల్లింపు ఇస్తుంది, అయితే ఆ సౌకర్యం ఉద్యోగ ప్రకటనలోనే ఉందో లేదో చూసుకోవాలి. ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని ఆసుపత్రిలో, బడిలో పూర్తికాలం పనిచేస్తూ 120 అర్హమైన నెలవాయిదాలు కట్టినవారికి ప్రజాసేవ రుణమాఫీ కింద మిగిలిన ఫెడరల్ రుణం రద్దవుతుంది. 2026 జూలై తరువాత తీసుకున్న రుణానికి ఈ మాఫీ కోరేవారు ఆదాయాన్ని బట్టి నడిచే కొత్త చెల్లింపు పథకం ర్యాప్‌ను ఎంచుకోవాలి. యజమాని ధ్రువీకరణ ఫారాన్ని పదేళ్ల తరువాత కాక ప్రతి ఏటా, ఉద్యోగం మారిన ప్రతిసారీ సమర్పించండి, ఎందుకంటే మూతపడిన క్లినిక్ నుంచి ఎనిమిదేళ్ల తరువాత సంతకం తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.